గూట్లోకి వెళ్లిన పురుగు కందిరీగై వచ్చిందా?

అందరికీ నమస్కారం.

కందిరీగల మీద మాట్లాడతానంటే నిర్వాహకులు కాస్త తటపటాయించారు. "పాముల మీద చెప్పండి సార్, జనం వస్తారు" అన్నారు. అయినా వచ్చారు మీరు, సంతోషం. మీలో కందిరీగ ఒక్కసారి కూడా కుట్టనివాళ్లు ఉంటే చెయ్యెత్తండి. ఎవరూ లేరు. అంటే అందరికీ పరిచయమే, కాకపోతే ఆ పరిచయం కుట్టించుకోవడం దగ్గరే ఆగిపోయింది. కుట్టడం సంగతి చివర్లో చూద్దాం. ముందు భ్రమర కీట న్యాయం.

పురాణ కాలక్షేపాలు విన్నవాళ్లకు ఇది తెలిసే ఉంటుంది. రెక్కల పురుగొకటి గొంగళి పురుగును పట్టుకొచ్చి గోడకు కట్టిన మట్టిగూట్లో పెట్టి మూసేస్తుంది. బయట ఝుమ్మంటూ తిరుగుతుంది. లోపలున్న పురుగు భయంతో దాన్నే తలుచుకుని, తలుచుకుని, చివరికి అదే అయిపోతుంది. కొన్నాళ్లకు గూడు తొలుచుకుని రెక్కలతో బయటికొస్తుంది. దేన్ని ధ్యానిస్తే అదే అవుతావు అని చెప్పడానికి ఈ పోలిక. భాగవతం ఏడో స్కంధంలో నారదుడు ధర్మరాజుకు ఇదే చెబుతాడు. కంసుడు భయంతో, శిశుపాలుడు ద్వేషంతో తలుచుకున్నా చివరికి ఆ కృష్ణుడినే చేరారని చెప్పే సందర్భం అది. పదకొండో స్కంధంలో అవధూత లెక్కపెట్టిన ఇరవై నలుగురు గురువుల్లోనూ ఈ పురుగుకు చోటుంది.

నాకు ఈ కథంటే గౌరవం. ఎవరో గోడ దగ్గర నిలబడి చాలాసేపు చూసి చెప్పిన మాట ఇది. పురుగును మోసుకురావడం నిజం. మట్టిగూడు నిజం, మూసెయ్యడం నిజం. ఝుమ్మనడం నిజం. కొన్నాళ్లకు కందిరీగ బయటికి రావడమూ నిజమే. మధ్యలో ఒకసారి గూడు విప్పి చూడలేదు, అంతే.

మనం విప్పి చూద్దాం. గుమ్మాల మీద, కిటికీ రెక్కల వెనక, గోడకు తగిలించిన ఫొటోల చాటున, స్విచ్‌బోర్డు పక్కన మట్టి ముద్దలు కనిపిస్తాయి కదా. వాటిని కట్టేవాళ్లలో మనకు ఎక్కువగా తగిలేది రెండు రకాలు. కట్టేది ఆడదే. మగ కందిరీగ మట్టి ముట్టదు.

మొదటి రకం చిన్న చిన్న కుండలు కడుతుంది. కడుపులో నీళ్లు నింపుకొచ్చి ఎండిన మట్టి మీద వదులుతుంది. ఆ తడిమట్టిని గోలీగా చుట్టి దవడల మధ్య పట్టుకుని ఎగురుతుంది. ఒక్కో గోలీనీ అంచు వెంట సన్నని పట్టీగా పరుస్తూ గోడ పైకి లేపుతుంది. కుండ పూర్తయ్యాక, వేటకు వెళ్లకముందే, మూతిలోంచి వెనక భాగం లోపలికి పెట్టి ఒక్క గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డు అడుగున పడి ఉండదు. పైకప్పు నుంచి సన్నని దారానికి వేలాడుతుంది. ఆ తర్వాత ఆకుపచ్చ గొంగళి పురుగుల్ని ఒక్కొక్కటే తెచ్చి కుండలో కూరి, మూతి మట్టితో మూసేస్తుంది.

గుడ్డును ఎందుకు వేలాడదీసింది? లోపలున్న పురుగులు చావలేదు. కుట్టడంతో నడవలేని స్థితిలో ఉన్నాయి గానీ అప్పుడప్పుడూ మెలికలు తిరుగుతూనే ఉంటాయి. వాటి మధ్య పడితే గుడ్డు నలిగిపోతుంది. ఫ్రాన్స్‌లో జాన్ ఆన్రీ ఫాబ్ర్ అనే ఆయన ఉండేవాడు. 1823లో పుట్టి 1915లో పోయాడు. జీవితమంతా పురుగుల ముందు కూర్చుని గడిపిన మనిషి. గూటి పక్కన కన్నం పెట్టి లోపలికి చూసి ఈ వేలాడే గుడ్డు సంగతి రాశాడు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల మొదట్లో పైనుంచి వేలాడుతూనే కిందున్న పురుగును కొరుకుతుంది. బలం వచ్చాక దిగి మిగిలినవన్నీ తింటుంది. తిన్నాక పట్టుగూడు అల్లుకుని, రూపం మార్చుకుని, కందిరీగై మట్టి తొలుచుకుని వస్తుంది. అంటే పెట్టిన పురుగు కందిరీగ కాలేదు, కందిరీగ పిల్లకు భోజనమైంది.

రెండో రకం సాలెపురుగుల్ని వేటాడుతుంది. చెరువు గట్టునో కొళాయి దగ్గరో తడిమట్టి ఎత్తుకొస్తుంది. దీని శాస్త్రీయ నామం స్కెలిఫ్రాన్ మద్రాసపటానమ్. 1781లో ఫాబ్రిసియస్ పెట్టిన పేరు. మన పాత మద్రాసు పేరు ఇంకా మోస్తూ ఊరూరా తిరుగుతోంది. పక్కపక్కనే గొట్టాల్లాంటి గదులు కట్టి, ఒక్కో గదిలో చిన్న సాలెపురుగుల్ని కుక్కి, గుడ్డు పెట్టి మూస్తుంది. అన్నీ అయ్యాక మొత్తం మీద మట్టి మెత్తేస్తుంది. మనకు కనిపించేది ఆ మెత్తిన ముద్దే. మట్టి ఒత్తేటప్పుడు ఒళ్లంతా అదిరిస్తుంది, అందుకే ఝుమ్మని సన్నగా శబ్దం వస్తుంది. ఆ అదురుకి తడిమట్టి బాగా పరుచుకుంటుంది. లోపలి పురుగును భయపెట్టడానికి కాదు ఆ మోత, తాపీ పని అది.

మరి వేటను చంపెయ్యొచ్చు కదా? చంపితే రెండు రోజుల్లో కుళ్లిపోతుంది. పిల్ల గుడ్డులోంచి రావాలి, తినాలి, ఎదగాలి, దానికి రోజులు పడుతుంది. ఫ్రిజ్ లేని ఇంట్లో కూర పాడవకుండా ఉంచాలంటే ఎంత కష్టమో మన అమ్మలకు తెలుసు. కందిరీగ ఆ చిక్కును విషంతో విప్పింది. ప్రాణం ఉంటుంది, పారిపోయే శక్తి ఉండదు.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. ఇలాంటి కందిరీగల్నే తలుచుకుని డార్విన్ 1860లో అమెరికాలోని ఏసా గ్రే అనే వృక్షశాస్త్రవేత్తకు ఉత్తరం రాశాడు. గొంగళి పురుగులో గుడ్లు పెట్టి, బతికుండగానే లోపలినుంచి తినేలా ఈ కందిరీగల్ని ఒక దయగల దేవుడు కావాలని సృష్టించాడంటే తనకు మనసొప్పడం లేదన్నాడు. ఇక్కడ మనవాళ్లు మట్టిగూటిని చూసి భక్తికి ఉదాహరణ తీసుకున్నారు. ఆయన విశ్వాసం కదిలింది, వీళ్లది గట్టిపడింది. కందిరీగకు మాత్రం రెండింటితోనూ పనిలేదు. నన్నడిగితే, ఆమె క్రూరురాలూ కాదు, గురువూ కాదు. పిల్లకు తిండి వెతుకుతున్న తల్లి.

అసలు సంగతి అదే. పెరిగిన కందిరీగ మాంసం ముద్దలు మింగలేదు. ఆ సన్నటి నడుములోంచి గట్టి తిండి దిగదు. పూల తేనె, పండ్ల రసం, పట్టుకున్న పురుగు ఒంట్లోని రసం, ఇలా ద్రవాలతోనే బతుకుతుంది. మాంసం కావాల్సింది పిల్లకు. ప్రపంచంలో ఇప్పటిదాకా పేరు పెట్టిన కందిరీగ జాతులే లక్షకు పైన. వాటిలో తుట్టె కట్టి గుంపుగా బతికేవి కొద్ది. మిగిలినవన్నీ ఒంటరివి. ఆ ఒంటరి వాటిలో చాలా జాతులకు బిడ్డను పెంచాలంటే ఇంకో ప్రాణి ఒళ్లు కావాలి. గొంగళి కావచ్చు, సాలెపురుగు కావచ్చు, గుడ్డు కావచ్చు, పువ్వు కూడా కావచ్చు. ఎవరికి ఏది కావాలో అదే వెతుక్కుంటుంది.

బొద్దింకే కావాలనే కందిరీగ ఒకటి మన ఇళ్ల చుట్టూ కూడా తిరుగుతుంది. ఆకుపచ్చా నీలం కలిసి మెరుస్తుంది, తొడలు ఎర్రగా ఉంటాయి. ఆంప్యులెక్స్ కంప్రెస్సా. చూడ్డానికి నగలా ఉంటుంది. చేసే పని వింటే ఒళ్లు జలదరిస్తుంది. తనకంటే చాలా పెద్దదైన బొద్దింకను మెడ దగ్గర పట్టుకుని మొదటి పోటు ఛాతీలో పొడుస్తుంది. ముందు కాళ్లు కాసేపు చచ్చుబడతాయి. ఆ కొద్ది నిమిషాల్లో రెండో పోటు, మెడ గుండా తలలోకి, సూటిగా మెదడులో. ముల్లు కొసన స్పర్శ తెలిసే భాగాలుంటాయి, వాటితో తడిమి చోటు పట్టుకుంటుంది. ఇజ్రాయెల్‌లో ఫ్రెడెరిక్ లీబెర్సాత్ బృందం దీన్ని ఏళ్ల తరబడి పరిశీలించింది. మెదడు తీసేసిన బొద్దింకను ఇస్తే ఆ కందిరీగ ముల్లుతో వెతుకుతూనే ఉండిపోయిందట.

రెండో పోటు తర్వాత బొద్దింక పడిపోదు. సుమారు అరగంట సేపు ఒళ్లు శుభ్రం చేసుకుంటూ కూర్చుంటుంది. మీసాలు తుడుచుకుంటుంది, కాళ్లు తుడుచుకుంటుంది. విషంలోని డోపమీన్ అనే రసాయనం చేయించే పని అది. ఆ తర్వాత నడవగలదు, కానీ తనంతట తాను నడవదు. నడవాలన్న కోరిక పోయింది. కందిరీగ దాని మీసాలు సగానికి కొరికి, కారిన రసం తాగి, మిగిలిన మొదలు పట్టుకుని నడిపించుకుపోతుంది. బొద్దింక బుద్ధిగా వెంట నడుస్తుంది. కన్నంలోకి తీసుకెళ్లి కాలి మీద ఒక గుడ్డు అంటించి, బయటికొచ్చి, రాళ్లూ పుల్లలతో కన్నం మూసేస్తుంది. బొద్దింక అందులో కదలకుండా కూర్చుంటుంది. మిగతాది మీరే ఊహించుకోండి, భోజనాల వేళ దగ్గరపడుతోంది.

[సభలో నవ్వులు]

బొద్దింకలు మరీ అమాయకులేం కాదు. ముళ్లున్న వెనక కాలితో కందిరీగ తల మీద ఫెడీమని తన్ని తప్పించుకునేవీ ఉన్నాయి. అమెరికాలో కెన్నెత్ కటానియా 2018లో దీన్ని వీడియో తీసి చూపించాడు. "అయితే బొద్దింకల మందు బదులు వీటిని పెంచుకుందామా సార్" అని ఇందాక ఒకాయన అడిగారు. హవాయిలో 1941లో ఆ ప్రయోగం చేశారు. పెద్దగా ఫలితం రాలేదు.

మట్టిగూటి తల్లికి కూడా దొంగల బెడద ఉంది. నీలంగా మెరిసే కోకిల కందిరీగ అని ఒకటుంటుంది. తను గూడు కట్టదు, వేటాడదు. వేరేవాళ్ల గూట్లో గుడ్డు పెట్టి పోతుంది. దాని పిల్ల అక్కడి పిల్లను తినేస్తుంది. పట్టుబడితే బంతిలా చుట్టుకుపోతుంది, ఒళ్లంతా గట్టి పెంకు కాబట్టి ముల్లు దిగదు.

ఇక రైతులు ఉన్నారు కాబట్టి పొలంలోకి వెళ్దాం. ఇది నేను కాస్త గట్టిగా చెప్పదలుచుకున్న భాగం. ట్రైకో కార్డులు మీలో కొందరు వాడే ఉంటారు. ఆ కార్డు మీద నల్లగా అంటించి ఉండేవి బియ్యం చిమ్మట గుడ్లు. ఒక్కో గుడ్డు లోపల ట్రైకోగ్రామా అనే కందిరీగ పిల్ల ఉంటుంది. పెరిగిన ట్రైకోగ్రామా పొడుగు అర మిల్లీమీటరు అటూ ఇటూ, కంటికి ఆనదు. అది కుట్టదు, కుట్టినా మనకు తెలియదు. వరిలో మొగి పురుగు తల్లి పెట్టిన గుడ్లను వెతికి వాటిలో తన గుడ్డు పెడుతుంది. అందులోంచి మొగి పురుగు బదులు కందిరీగ వస్తుంది. పురుగు పుట్టాక చంపే మందులు బోలెడున్నాయి, పుట్టకముందే ఆపేది ఇది. కార్డు ముక్కలుగా కత్తిరించి ఆకు అడుగున స్టేపుల్ చేస్తారు. పొద్దున కార్డు కట్టి సాయంత్రం మందు కొట్టే రైతును కూడా చూశాను. డబ్బు దండగ. మీరు పొలంలోకి వదిలింది కూడా పురుగే, మందుకు ఏది మనదో ఏది శత్రువో తెలియదు.

ఇంకో మాట. ఆకు మీద తెల్లగా, దూదిలా చిన్న గుళికలు గుంపుగా కనిపిస్తే పురుగు గుడ్లనుకుని నలిపేస్తారు. చాలాసార్లు అవి గొంగళి పురుగును తిని బయటికొచ్చిన కందిరీగ పిల్లల పట్టుగూళ్లు. పక్కనే ఒడిలిపోయిన గొంగళి ఉందేమో చూడండి. ఉంటే వదిలెయ్యండి.

2008లో కోయంబత్తూరు దగ్గర బొప్పాయి మీద కొత్త పిండినల్లి బయటపడింది. మెక్సికో నుంచి వచ్చిన రకం. బొప్పాయితో ఆగలేదు, మల్బరీకీ పాకి పట్టు రైతుల్ని ఏడిపించింది. ఎన్ని మందులు కొట్టినా మైనం పొర కింద దాక్కుంది. 2010లో ప్యూర్టోరికో నుంచి మూడు రకాల బుల్లి కందిరీగల్ని తెప్పించి, బెంగళూరులో పెంచి, తోటల్లో వదిలారు. వాటిలో అసెరోఫేగస్ పపాయే అనేది అందరికంటే బాగా పనిచేసింది. పిండినల్లి అదుపులోకి వచ్చింది. అలాగని కందిరీగలన్నీ మన పక్షమని నేననను. 2000 తర్వాత జామాయిల్ మొక్కల ఈనెల మీద బుడిపెలు లేచి తోటలు దెబ్బతిన్నాయి, గుర్తుందా? దానికి కారణం కూడా ఒక బుల్లి కందిరీగే. దాన్ని అదుపు చేసింది మరో కందిరీగ.

ఈ వేటకు మొక్కలు కూడా సాయం చేస్తాయి. మొక్కజొన్న ఆకును గొంగళి కొరికినప్పుడు దాని ఉమ్మి తగిలితే మొక్క ప్రత్యేకమైన వాసనలు వదులుతుంది, ఆ వాసన పట్టుకుని కందిరీగ వస్తుంది. 1990లో అమెరికాలో దీన్ని నిరూపించారు. ఉత్త కత్తెరతో కోస్తే అంత వాసన రాదు, ఉమ్మి తగలాలి.

ఇప్పుడు మేడిపండు. పొట్ట విప్పితే పురుగులుంటాయని వేమన పద్యం చిన్నప్పుడు వల్లించని తెలుగువాడు లేడు. మరి ఆ పురుగులేమిటని మనకు ఎవరూ చెప్పలేదు, మనమూ అడగలేదు. అవి కందిరీగలు. మేడికి పువ్వు బయట పూయదు. కాయ అనుకునే ఆ బంతి లోపలే వేల పూలు లోపలి వైపుకు తిరిగి ఉంటాయి. కొసన ఒక సన్నని దారి ఉంటుంది, పొలుసులతో బిగుసుకుని. సెరటోసోలెన్ అనే ఆడ కందిరీగ ఆ దారిలో దూరుతుంది. దూరేటప్పుడు రెక్కలు ఊడిపోతాయి. ఇక బయటికి రాదు. వేరే కాయ నుంచి ఛాతీ మీది సంచుల్లో మోసుకొచ్చిన పుప్పొడిని పూలకు అంటిస్తుంది, కొన్ని పూలలో గుడ్లు పెడుతుంది, అక్కడే చనిపోతుంది. గుడ్డు పడ్డ పువ్వులో కందిరీగ, పడని పువ్వులో గింజ.

కొన్ని వారాలకు మగవి ముందు వస్తాయి. రెక్కలుండవు. ఇంకా పువ్వులోంచి బయటపడని ఆడవాటితో జతకట్టి, అందరూ కలిసి కాయ గోడకు సొరంగం తొలుస్తాయి. వాటి పని అంతే, బయటి ప్రపంచంలో వాటికి బతుకు లేదు. ఆడవి పుప్పొడి నింపుకుని ఆ సొరంగంలోంచి ఎగిరిపోతాయి, ఒకటి రెండు రోజుల్లో ఇంకో మేడి దొరకాలి. బయట చీమలు కాచుకుని ఉంటాయి, చాలా వాటి నోట్లోనే పోతాయి. ఇవి చాలదన్నట్టు కాయ లోపలికి రాకుండా బయటినుంచే పొడుగాటి సూదితో గుచ్చి లోపలున్న పిల్లల మీద గుడ్లు పెట్టే కందిరీగలు వేరే ఉన్నాయి. గట్టి కాయ తొలవడానికి వాటి సూది కొసన జింకు ఉంటుందని బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ఐఐఎస్‌సీ వాళ్లు 2014లో చూపించారు.

కందిరీగ దూరని మేడికాయ మామూలుగా పండదు, రాలిపోతుంది. పొట్టలో పురుగులు లేకపోతే చూడ్డానికి మేలిమైన మేడిపండే ఉండదన్నమాట. పద్యం పిరికివాడి గురించి, మేడి గురించి కాదు, కాబట్టి కవితో నాకు పేచీ లేదు.

చివరికి కుట్టేవాటి దగ్గరికి వచ్చాం. కుట్టే ముల్లు నిజానికి గుడ్లు పెట్టే అవయవమే మారి అయింది. కాబట్టి ఆడవే కుడతాయి. తేనెటీగ ముల్లు మన ఒంట్లో ఊడిపోతుంది, కందిరీగది ఊడదు, మళ్లీ మళ్లీ కుట్టగలదు. ఒంటరివి మనల్ని పట్టించుకోవు. గొడవంతా తుట్టె కట్టేవాటితోనే, వాటికి కాపాడుకోవాల్సిన పిల్లలు ఒకేచోట వందల్లో ఉంటాయి.

చూరు కింద బూడిదరంగు కాగితపు తుట్టె కట్టే చిన్న కందిరీగలున్నాయే, రోపాలిడియా, వాటిని రాఘవేంద్ర గదగ్కర్ బెంగళూరులో దశాబ్దాలుగా చూస్తూ వచ్చారు. అందులో రాణిని చూసి పోల్చుకోవడం కష్టం, నెమ్మదిగా ఓ పక్కన కూర్చుంటుంది. ఆమెను తీసేస్తే నిమిషాల్లో కూలీల్లో ఒకతె చెలరేగి అందరి మీదా దాడి మొదలుపెడుతుంది. రాణి తిరిగి రాకపోతే వారం రోజుల్లో గుడ్లు పెట్టడం మొదలుపెట్టి తనే రాణి అవుతుంది. ఎవరు వారసురాలో ముందుగా మనం చెప్పలేం, వాటికి మాత్రం తెలిసినట్టే ఉంటుంది. ఇలాంటి తుట్టె మీదికి పెద్ద కందిరీగ వెస్పా ట్రాపికా వస్తే ఎదురు నిలవవు. అన్నీ లేచి పక్కన వాలతాయి. అది ఒక్కో గదీ తెరిచి పిల్లల్ని లాగి తింటుంటే చూస్తూ ఉండిపోతాయి. మనల్ని అంత ధైర్యంగా కుట్టేవి ఇవే.

అదే పెద్ద తేనెటీగలైతే, అపార్ట్‌మెంట్ల మీదా వాటర్ ట్యాంకుల కిందా వేలాడే పట్టు చూశారు కదా, కందిరీగ దగ్గరికి రాగానే వేల ఈగలు వరసగా తోకలెత్తి దించుతాయి. పట్టు మీద అల పాకినట్టు కనిపిస్తుంది. కందిరీగ ఎటు వాలాలో తెలియక వెనక్కి పోతుంది.

ఇప్పుడు ప్రశ్నలు. చీటీల మీద వచ్చినవి చదువుతాను.

"అంజీర్ శాకాహారమేనా?" మన దగ్గర పండించే పూనా అంజీర్‌కు కందిరీగతో పనిలేదు, అది లేకుండానే కాయ పండుతుంది. టర్కీ వైపునుంచి వచ్చే కొన్ని ఎండు రకాలకు కావాలి. లోపల చనిపోయిన తల్లిని పండులోని ఎంజైమ్ చాలామటుకు కరిగించేస్తుంది. తినాలా వద్దా అన్నది మీ ఇష్టం.

"కుడితే ఏం చెయ్యాలి? మా నాన్నమ్మ సున్నం రాసేది." సబ్బుతో కడిగి ఐసు పెట్టండి, చాలు. ఒళ్లంతా దద్దుర్లు లేచినా, పెదవులు వాచినా, ఊపిరి అందకపోయినా, కళ్లు తిరిగినా సున్నం, ఉల్లిపాయ వెతుకుతూ కూర్చోవద్దు. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. అక్కడ ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షనే ప్రాణం నిలబెడుతుంది. ఒకేసారి చాలా కుట్టినా అంతే, బాగానే ఉన్నాను అనిపించినా వెళ్లాలి. తాటిచెట్టు మీద తుట్టెను పగలు రాళ్లతో కొట్టే పిల్లల్ని మాత్రం ఎక్కడ కనిపించినా ఆపండి.

"గుమ్మం మీద మట్టిగూడు తీసెయ్యాలా? ఉంటే ఇంట్లో పిల్లలు పుడతారంటారు." పిల్లలు పుట్టేది కందిరీగకు. అది ఎవరినీ ఏమీ అనదు, కాబట్టి ఉండనివ్వండి. గూటికి గుండ్రటి కన్నాలు పడి ఉంటే లోపలివి వెళ్లిపోయినట్టు, అప్పుడు గీకెయ్యొచ్చు. తాళం కప్పలో, మోటారు గొట్టంలో కడితే మాత్రం ఆలస్యం చెయ్యకండి. 1996 ఫిబ్రవరిలో డొమినికన్ రిపబ్లిక్‌లో ఒక బోయింగ్ 757 కూలి 189 మంది పోయారు. కొన్నాళ్లు కదలకుండా ఉన్న ఆ విమానంలో వేగం కొలిచే గొట్టాన్ని మట్టిగూటి కందిరీగ మూసేసి ఉంటుందనే దర్యాప్తులో అనుమానించారు. విమానాలు ఆపినప్పుడు ఆ గొట్టాలకు తొడుగులు వెయ్యడం ఇందుకే. మీ పంపుసెట్టు గొట్టం మూతికి గుడ్డ కట్టి ఉంచండి, అది చాలు.